టెక్సాస్ కౌంటీ సమావేశంలో మాట్లాడాలంటే పేరు ఎలా ఇవ్వాలి?

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ, ఆలెన్ వైపు మనవాళ్ళు చాలామంది ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డారు. ఏటా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నారు. ఆ పన్నులో కౌంటీ (మన జిల్లా లాంటిది) వాటా దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే సమావేశానికి వెళ్ళి మాట్లాడొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ‘మనకింకా సిటిజన్‌షిప్ రాలేదు కదా’ అని ఆగిపోతుంటారు. ఆగక్కర్లేదు. టెక్సాస్ ఓపెన్ మీటింగ్స్ చట్టంలో 2019లో చేర్చిన 551.007 సెక్షన్ ప్రకారం అజెండాలోని అంశం మీద మాట్లాడాలనుకునే ప్రతి ఒక్కరికీ అవకాశం ఇవ్వాలి. అది కూడా ఆ అంశం చర్చకు రాకముందో, చర్చ జరుగుతున్నప్పుడో ఇవ్వాలి. అందులో పౌరసత్వం ప్రస్తావనే లేదు. హెచ్1బీ వాళ్ళు మాట్లాడొచ్చు, గ్రీన్‌కార్డు వాళ్ళు మాట్లాడొచ్చు. ఓటు మాత్రమే పౌరులది.

కాలిన్ కౌంటీని ఉదాహరణగా తీసుకుందాం. 2020 జనగణనలో ఇక్కడి జనాభా 10,64,465. పాలకమండలి పేరు కమిషనర్స్ కోర్ట్. కౌంటీ అంతా కలిసి ఎన్నుకునే కౌంటీ జడ్జి, నాలుగు ప్రిసింక్ట్‌ల (కౌంటీలోని విభాగాలు) నుంచి ఒక్కొక్కరు చొప్పున నలుగురు కమిషనర్లు ఇందులో ఉంటారు. ఇక్కడ కేసుల విచారణ ఉండదు కాబట్టి పేరు చూసి టెన్షన్ పడొద్దు. బడ్జెట్, కౌంటీ పన్ను రేటు, జైలు, కౌంటీ రోడ్లు, ఎన్నికల ఏర్పాట్లు, కాంట్రాక్టులు ఇక్కడే తేలతాయి. సమావేశాలు సాధారణంగా సోమవారం మధ్యాహ్నం మెకినీలోని 2300 బ్లూమ్‌డేల్ రోడ్ భవనంలో జరుగుతాయి. తేదీ, వేళ ఎప్పటికప్పుడు అజెండాలో చూసుకోండి.

ముందుగా మీ సమస్య ఎవరి చేతిలో ఉందో చూడండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్కూలు సరిహద్దులు మార్చారంటే అది స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు పని. ఊళ్ళో ఇళ్ళ పక్కన గోడౌన్‌కు అనుమతి ఇచ్చారంటే సిటీ కౌన్సిల్ పని. టెక్సాస్‌లో కౌంటీలకు జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, దాదాపు లేనట్టే. ఇంటి విలువ ఎక్కువ కట్టారన్న ఫిర్యాదు, ఆ విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళాలి. దానికి గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, రెండింటిలో ఏది తర్వాత వస్తే అది. కమిషనర్స్ కోర్ట్‌లో ఎంత బాగా మాట్లాడినా మీ ఇంటి విలువ తగ్గదు. ఇంకో సంగతి, ఫ్రిస్కో, ప్రాస్పర్ ఊళ్ళు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉన్నాయి. మీ ఇల్లు ఏ కౌంటీ కిందికి వస్తుందో టాక్స్ బిల్లులోనే కనిపిస్తుంది.

స్కూల్ బోర్డుకీ, సిటీ కౌన్సిల్‌కీ కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. అందువల్ల కింద చెప్పే పద్ధతి అక్కడా పనికొస్తుంది.

అర్జీ ఇచ్చే అలవాటును కాసేపు పక్కన పెట్టండి

తెలంగాణలో ప్రజావాణికి గానీ, ఆంధ్రలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి గానీ వెళితే అర్జీ ఇస్తాం, రసీదు తీసుకుంటాం, అది ఏదో ఒక అధికారికి చేరుతుంది. కమిషనర్స్ కోర్ట్ తీరు వేరు. ఆ రోజు ఓటింగుకు వచ్చే అంశాలు ముందే రాసి ఉంటాయి, మీ మాట వాటిలో ఒకదానికి తగలాలి. అజెండాలో లేని విషయం ఎత్తితే, అక్కడికక్కడే చర్చించడానికి చట్టం ఒప్పుకోదు. సభ్యులు ఉన్న వాస్తవం చెప్పొచ్చు, ఉన్న విధానం చదివి వినిపించొచ్చు, లేదా తర్వాతి సమావేశం అజెండాలో పెడదామా అని మాట్లాడుకోవచ్చు. అంతవరకే. కమిషనర్ మౌనంగా ఉన్నారంటే మిమ్మల్ని లెక్కచేయలేదని అనుకోకండి.

అందుకే అసలు పని అజెండా చదవడంతో మొదలవుతుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి సమావేశానికి కనీసం మూడు పనిదినాల ముందు దాన్ని బయట పెట్టాలి. సోమవారం సమావేశమైతే గురువారం ఉదయం కౌంటీ వెబ్‌సైట్ తెరవండి, దొరుకుతుంది. మీకు సంబంధించిన అంశం నంబరు రాసుకోండి. అది ‘కన్సెంట్ అజెండా’లో ఉందేమో తప్పకుండా చూడండి. ఆ జాబితాలోని పదుల కొద్దీ అంశాలు ఒకే ఓటుతో, చర్చ లేకుండా నిమిషంలో అయిపోతాయి. మీ వంతు వస్తుందిలే అని వెనక వరుసలో కూర్చుంటే ఈలోపే అంతా ముగిసిపోతుంది.

పేరు ఇవ్వడానికి చాలాచోట్ల హాలు బయట గానీ క్లర్కు దగ్గర గానీ ఒక చిన్న ఫారం ఉంటుంది. పేరు, చిరునామా, అంశం నంబరు, ఏ సంస్థ తరఫునైనా మాట్లాడుతున్నారా అన్నవి రాయాలి. సమావేశం మొదలయ్యేలోపే ఇచ్చేయాలన్న నిబంధన ఎక్కువ కౌంటీల్లో ఉంటుంది కాబట్టి అరగంట ముందే చేరుకోండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫారంలో రాసింది బహిరంగ రికార్డులో చేరవచ్చని గుర్తుంచుకుని, అడిగినంత వరకే రాయండి.

సమయం మామూలుగా 3 నిమిషాలు. తెలుగు మాత్రమే వచ్చిన అమ్మో మామగారో మాట్లాడాలనుకుంటే అనువాదకుడిని వెంట తీసుకెళ్ళొచ్చు. అక్కడ ఏకకాలంలో అనువదించే పరికరాలు లేకపోతే రెట్టింపు సమయం, అంటే 6 నిమిషాలు ఇవ్వాల్సిందే. ఈ వెసులుబాటు మన ఇళ్ళలోని పెద్దవాళ్ళకు ఎంతో ఉపయోగం, వాడుకునేవాళ్ళే కనబడరు. పాలకమండలిని విమర్శించారని మిమ్మల్ని ఆపడానికి కూడా చట్టం ఒప్పుకోదు. సభకు అడ్డుపడకుండా మాట్లాడితే చాలు.

మూడు నిమిషాల్లో ఏం చెప్పాలి? కొందరు తమ కుటుంబ నేపథ్యంతోనే రెండు నిమిషాలు గడిపేస్తారు, గంట మోగాక అసలు మాట మొదలవుతుంది. తిరగేసి చెప్పండి. ‘నేను ఫలానా ప్రిసింక్ట్‌లో ఉంటాను. ఫలానా నంబరు రోడ్డు కాంట్రాక్టును వ్యతిరేకిస్తున్నాను. ఆ మలుపు దగ్గర స్కూలు బస్సు ఆగుతుంది, ప్లానులో ఫుట్‌పాత్ లేదు. ఫుట్‌పాత్ చేర్చేవరకు ఓటింగు వాయిదా వేయమని కోరుతున్నాను.’ నలభై సెకన్లలో అంతా వచ్చేసింది. మిగతా సమయం ఆ మలుపు ఫొటో చూపించడానికి వాడండి. ఫొటో కాపీలు అందరు సభ్యులకీ, క్లర్కుకీ సరిపడా తీసుకెళ్ళండి.

మీ విషయం అజెండాలో లేదనుకోండి. మీ ప్రిసింక్ట్ కమిషనర్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, దాన్ని అజెండాలో పెట్టమని అడగండి. బడ్జెట్ గురించైతే ఆగస్టు, సెప్టెంబర్ నెలలు కీలకం. కాలిన్ కౌంటీ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి బహిరంగ విచారణలు అంతకుముందే ముగుస్తాయి. పన్ను విధించే రోజున ఐదుగురిలో కనీసం నలుగురు హాజరు కావాలి. మామూలు పనులకు ముగ్గురు చాలు.

లాయరు సలహా, స్థలాల కొనుగోలు, ఉద్యోగుల విషయాల వంటివాటికి కమిషనర్లు తలుపులు మూసి మాట్లాడుకునే వీలుంది. ఓటు మాత్రం బహిరంగంగానే వేయాలి. ఏ కాంట్రాక్టు ఎవరికి, ఎంతకు ఇచ్చారన్న కాగితాలు కావాలంటే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. మన ఆర్టీఐ లాంటిదే. 10 పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడు ఇస్తారో వాళ్ళే మీకు రాసి తెలియజేయాలి.