అమ్మానాన్నలతో బ్రాడ్‌వేకి వెళ్తున్నారా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను న్యూయార్క్ తీసుకెళ్తుంటే, అక్కడి పేరున్న నాటకశాలల ప్రాంతం బ్రాడ్‌వేలో ఏ మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) హిట్ అని కాదు, మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా ఏది ఆనందించగలరో చూసి టికెట్లు కొనండి. ‘హామిల్టన్’ గొప్పదే. కానీ అమెరికా చరిత్రంతా గుక్కతిప్పుకోని ర్యాప్‌లో నడుస్తుంది, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే కొంత జారిపోతుంది. 1997 నుంచి ఆడుతున్న ‘ది లయన్ కింగ్’తో ఆ బెంగ లేదు. మొదటి పాటలోనే నటులు ఆడించే ఏనుగు, పక్షుల బొమ్మలు ప్రేక్షకుల మధ్య నడవాలోంచి వేదిక మీదికి వెళ్తాయి. అందుకే కాస్త ఎక్కువ పెట్టయినా సరే, కింది అంతస్తులో నడవా పక్క సీట్లు తీసుకోండి.

ఏ షో అయినా పర్లేదంటే టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంది. ఆ రోజు షోల టికెట్లు సగం ధరకు కూడా దొరుకుతుంటాయి, బాగా గిరాకీ ఉన్నవి మాత్రం అక్కడికి రావడం అరుదు. టికెట్ మీద ‘పార్షియల్ వ్యూ’ అని ఉంటే వేదికలో కొంత భాగం కనబడదు, వద్దనండి.

సోమవారం చాలా థియేటర్లకు సెలవు. జెట్‌లాగ్ ఇంకా తీరకపోతే మ్యాటినీయే మేలు. రాత్రి షోకైతే నాన్నగారు ఇంటర్వెల్‌కే గురక మొదలుపెడతారు. ఎండాకాలమైనా అమ్మకు శాలువా మర్చిపోకండి, లోపల ఏసీ వణికించేస్తుంది.