వానలకు ముందు మండువా ఇంట్లో: ఆయాసం, షుగర్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

గోదావరి జిల్లాల్లో పాత పెంకుటిళ్ల పని రోహిణి కార్తెలోనే తెమలాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చిందంటే చినుకు ఎప్పుడు పడేదీ చెప్పలేం. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టండి. ఎందుకంటే వాళ్లకి వానకన్నా ముందు వచ్చే గండం ఈ మరమ్మతే.

పెంకు నేయించేటప్పుడు ఏళ్లనాటి దుమ్ము, గబ్బిలాల పెంట, ఎలుకల పెంట అన్నీ కిందికి దిగుతాయి. ఆ నాలుగు రోజులూ ఆయాసం ఉన్నవాళ్లని చుట్టాలింటికి పంపేయండి. గదిలో తలుపేసుకుంటే చాలదు, మధ్యలో పైకప్పులేని మండువా, దాని చుట్టూ గదులు ఉండే ఇంట్లో అందరిదీ ఒకటే గాలి. అటక కూడా వాళ్లు లేనప్పుడే, నీళ్లు చిలకరించి మరీ శుభ్రం చేయించండి. ముక్కిన వాసన కొట్టే పాత పరుపుల్ని మళ్లీ పైకెక్కించొద్దు, ఎవరి పెళ్లినాటివైనా సరే. బీరువాల్లో కలరా ఉండలు గుప్పిళ్లతో వేయడం కూడా మానేయండి. ఆ ఘాటుకీ ఆయాసం రేగుతుంది.

పాత సున్నపు గోడలు చెమ్మని పీల్చి, ఎండ కాస్తే వదిలేస్తాయి. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పెయింట్ పొక్కులు లేస్తుంది, బూజు పడుతుంది. పెయింటర్ ఎంత ఊరించినా సున్నమే కొట్టించండి. మంచాన్ని గోడకి జానెడు దూరం జరపండి. నూతి వైపు గదిలో చెమ్మ ఎక్కువైతే, వానలు తగ్గేదాకా పెద్దవాళ్లని వీధి వైపు గదికి మార్చండి. "నలభై ఏళ్లుగా ఇక్కడే పడుకుంటున్నా" అని గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి.

షుగర్ ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ పాదాలతో. స్పర్శ తగ్గిన కాలికి పెంకు ముక్క గుచ్చుకున్నా తెలియదు. పని అయ్యాక వాకిలంతా రెండుసార్లు ఊడిపించండి. ఇంట్లో తిరగడానికి మెత్తటి చెప్పులు వేరే పెట్టుకోండి, దేవుడి గది బయట విప్పితే సరిపోతుంది. రోజూ రాత్రి అరికాళ్లు ఎవరిచేతైనా చూపించుకోవాలి. మండువాలో నాచుకి బ్లీచింగ్ పౌడర్ వేసి గీకించొచ్చు, కానీ ఆయాసం మనిషి దగ్గర్లో ఉండకూడదు. దాంతో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఎవరికైనా ప్రమాదమే.

వాడుతున్న ఇన్సులిన్ సీసాని ఎక్కువ రకాల్లో 28 రోజులదాకా, 25–30 డిగ్రీలు దాటని చోట బయట ఉంచొచ్చు. తెరవనిది 2–8 డిగ్రీల్లో ఉండాలి. కరెంటు పోతే ఫ్రిజ్ మాటిమాటికీ తీయకండి. మరీ ఆలస్యమైతే సీసాని కవరులో కట్టి తడి కుండలో పెట్టండి. ఐసుకి తగలనివ్వొద్దు, గడ్డకడితే ఆ మందు పనికిరాదు. మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మెషిన్ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ వాడటం నేర్చుకుంటే కరెంటుతో పనే లేదు.

మృగశిర నాడు చేపమందు వేసుకునే అలవాటున్నా ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. ఈలోపే డాక్టర్ని కలిసి, ఆయాసం ముదిరితే ఎన్ని పఫ్‌లు తీసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలో కాగితం మీద రాయించుకుని, ఇంట్లో అందరికీ కనపడేచోట అంటించండి. రాత్రిపూట వచ్చే ఆటో అతని నంబరు కూడా దానిమీదే రాయండి.