డాబా మీది ఎండను మర్నాటి స్నానాలకు దాచుకోవడం: సోలార్ వాటర్ హీటరు అమర్చుకునే పద్ధతి

సోలార్ వాటర్ హీటరు కొనేవారు ముందుగా ఎన్ని లీటర్లది తీసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతారు. మేమూ అదే అడిగాం. వాడుతూ వచ్చాక అర్థమైనది ఏమిటంటే, మన ఎండలకు నీళ్లు కాగడం తేలికే, సాయంత్రానికి కాగిన నీళ్లను తెల్లవారే దాకా వేడి తగ్గకుండా ఉంచి స్నానాల గదికి చేర్చడంలోనే శ్రమంతా ఉంది. అందువల్ల ఎండను గ్రహించి నీళ్లను కాచే పలకల కంటే ట్యాంకు, గొట్టాలు, నీటి గుణం గురించి ఇక్కడ ఎక్కువ చెబుతున్నాను.

నలుగురున్న ఇంట్లో బకెట్ స్నానాలైతే 100 లీటర్లు సరిపోతాయి, షవరు అలవాటున్నవారికి 150 నుంచి 200 దాకా కావాలి. 25 డిగ్రీల నీళ్లను 100 లీటర్లు తీసుకుని 60 డిగ్రీలకు కాచాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటు, అంటే 2 కిలోవాట్ల గీజరు రెండు గంటలు తిరిగినంత శక్తి కావాలి. ఎండ బాగా కాసిన రోజున రెండు చదరపు మీటర్ల పలక ఆ వేడిని ఇవ్వగలదు.

రాగి గొట్టాలున్న పలకలా, రెండు గోడల నడుమ శూన్యం ఉన్న గాజు గొట్టాలా అన్నది మీ ఇంటి నీళ్లను బట్టి నిర్ణయించుకోవాలి. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతూ ఉంటే, సబ్బు సరిగా నురగ రాకపోతే, అవి కఠిన జలాలు. అటువంటి బోరు నీళ్లు వేడెక్కినప్పుడు కాల్షియం లవణాలు విడిపోయి, పలకలోని సన్నని రాగి గొట్టాల లోపల గార కట్టి, క్రమంగా వాటిని పూడ్చేస్తాయి. గాజు గొట్టాలు వెడల్పుగా ఉంటాయి కనుక వాటిలో గార చేరినా నీటి కదలిక వెంటనే ఆగదు, పైగా ఏది పాడైతే దానినొక్కటే మార్చుకోవచ్చు. నదుల నుంచి వచ్చే మెత్తని నీళ్లున్న చోట మాత్రం రాగి పలకలే నా ఎంపిక, ఎందుకంటే అవి ఎక్కువకాలం మన్నుతాయి, కోతులు దూకినా గాజు గొట్టాలంత సులువుగా పగలవు. నీళ్లు కఠినమైనా పలకలే కావాలనుకుంటే, పలకల్లో విడిగా శుద్ధజలం తిరుగుతూ ట్యాంకులోని నీళ్లను వేడిచేసే ఉష్ణమార్పిడి రకం అడగండి.

పలకలు దక్షిణం వైపు చూడాలి. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు, అయితే వేడినీళ్ల అవసరం చలికాలంలో ఎక్కువ, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక, వాలును అక్షాంశం కంటే పది పదిహేను డిగ్రీలు పెంచి ముప్పై దగ్గర పెట్టుకోవాలి. నీడ పడే చోటును మే నెలలో చూసి నిర్ణయించవద్దు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా పదడుగుల గోడ ఎనిమిదడుగులకు పైగా నీడ వేస్తుంది, ఉదయం తొమ్మిదింటికైతే అది ఇంకా చాలా పొడుగ్గా ఉంటుంది.

ఇందులో మోటారు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. కాబట్టి వేడినీళ్ల ట్యాంకు పలకల పైఅంచు కంటే ఎత్తులో, చన్నీళ్ల ట్యాంకు దానికంటే ఎత్తులో ఉండి తీరాలి. ఆవిరి, గాలి పోయే నిలువు గొట్టం చివర చన్నీళ్ల మట్టం కంటే పైకి ఉండాలి, దానిని ఎన్నడూ మూయకూడదు.

మా ఇంట్లో పొరపాటు జరిగింది గొట్టాల దగ్గర. ట్యాంకు నుంచి స్నానాల గదికి ముప్పావు అంగుళం గొట్టం ఇరవై రెండు మీటర్లు సాగింది, పైన ఏ తొడుగూ లేదు. ఆ గొట్టంలో దాదాపు ఏడు లీటర్లు నిలుస్తాయి. తెల్లవారి కుళాయి తిప్పితే ముందు ఆ ఏడు లీటర్ల చన్నీళ్లు పోవాలి, స్నానం ముగిశాక మరో ఏడు లీటర్ల వేడినీళ్లు గొట్టంలోనే చల్లారిపోవాలి. దారి తగ్గించి, నురుగు తొడుగు వేయించాకే ఆ నష్టం తగ్గింది. మీరు మొదటి రోజునే దగ్గరి దారి చూసుకోండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగుతుంది కనుక సీపీవీసీ వేయించండి.

వేడిని పోకుండా దాచుకోవడమే ఎండ వేడితో నడిచే విద్యుత్ కేంద్రాల్లోనూ తేల్చుకోవలసిన సమస్య. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో మొదలైన 50 మెగావాట్ల కేంద్రంలో దోనెలాంటి అద్దాలు ఎండను సన్నని గొట్టం మీదికి కేంద్రీకరిస్తాయి. ఇటువంటి కేంద్రాల్లో గొట్టంలోని నూనె దాదాపు 390 డిగ్రీలకు చేరి ఆవిరిని పుట్టిస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. స్పెయిన్‌లోని అందసోల్ కేంద్రం మరో అడుగు వేసి, కరిగిన నైట్రేట్ లవణాల ట్యాంకుల్లో వేడిని దాచి, పొద్దుగుంకాక ఏడున్నర గంటలు కరెంటు ఇచ్చేలా రూపొందింది. తిరుమలలో అన్నప్రసాదం వండే ఆవిరి కోసం 106 అద్దాల పళ్లేలు అమర్చారు. అద్దాలతో ఎండను కేంద్రీకరించే వాటన్నిటికీ నేరుగా పడే ఎండే కావాలి, మబ్బుపడితే అవి పనిచేయవు. ఇంటి పలక చెదిరిన వెలుతురునూ కొంత గ్రహిస్తుంది, అందుకే మబ్బు రోజున కూడా నీళ్లు గోరువెచ్చగానైనా దొరుకుతాయి.

గాజు గొట్టాలున్న హీటరును మొదటిసారి తెల్లవారుజామునే నింపండి. ఎండలో ఖాళీగా ఉన్న గొట్టం లోపల 200 డిగ్రీలు దాటుతుంది, అందులో చన్నీళ్లు పడితే పగులుతుంది. ఈ గొట్టం మూసిన కొస అద్దంలా వెండి రంగులో మెరుస్తుంటే గోడల నడుమ శూన్యం ఉన్నట్టు, పాలలా తెల్లబడితే అది పోయినట్టు. ఆరు నెలలకోసారి అడుగు కుళాయి తెరిచి మడ్డిని వదలండి, ట్యాంకును తుప్పు నుంచి కాపాడే లోపలి మెగ్నీషియం కడ్డీని ఏడాదికోసారి చూడండి. వానాకాలంలో ట్యాంకు లోపలి కరెంటు హీటరును రాత్రంతా వేసి ఉంచితే, సూర్యుడు వచ్చేసరికి నీళ్లు అప్పటికే వేడిగా ఉండి ఎండ వృథా అవుతుంది, కనుక స్నానానికి ముందు మాత్రమే వేయండి.

అమర్చిన వారంలో, ఒక సాయంత్రం వేడినీళ్లు వాడకుండా ఆపి, ట్యాంకు దగ్గరి కుళాయి నీటి ఉష్ణోగ్రతను కొలిచి రాసుకోండి. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ కొలవండి. ఐదారు డిగ్రీలకు మించి తగ్గితే, ట్యాంకు తొడుగులో లోపం ఉందో, ట్యాంకు ఎత్తు చాలక రాత్రిపూట వేడినీళ్లు వెనక్కి పలకల్లోకి దిగుతున్నాయో, అమర్చినవారిని పిలిపించి అప్పుడే చూపించండి.