ఫండ్ యూనిట్లు స్టేట్‌మెంట్‌తో కలవడం లేదా?

గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనో ఎక్సెల్‌లోనో మ్యూచువల్ ఫండ్ల లెక్క రాసుకునేవాళ్ళకి ఏదో ఒక రోజు ఈ టెన్షన్ తప్పదు. సిస్టమ్‌లో ఒక అంకె, స్టేట్‌మెంట్‌లో ఇంకో అంకె. ఎవరు అడిగినా ముందు నేను అడిగేది ఒక్కటే: ఆ రెండు అంకెలూ ఏ తేదీవి? స్టేట్‌మెంట్ పోయిన నెలాఖరుది, స్క్రీన్ మీదున్నది ఇవాళ్టిది. మధ్యలో ఒక సిప్ (నెలనెలా కట్టే వాయిదా) పడింది. ఇంతోటి దానికి రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్ళున్నారు. రిపోర్టు తేదీని స్టేట్‌మెంట్ తేదీకి మార్చి, అప్పుడు పోల్చండి. అదీ రూపాయల్లో కాదు, యూనిట్లలో. రూపాయల విలువ రోజూ ఎన్‌ఏవీతో, అంటే ఒక్కో యూనిట్ ధరతో, మారుతుంది, దాన్ని పట్టుకుంటే ఎటూ తేలదు.

స్టేట్‌మెంట్ కూడా సరైనది తీసుకోండి. ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ సైట్‌లో సీఏఎస్ (అన్ని ఫండ్ల ఉమ్మడి స్టేట్‌మెంట్) అడిగేటప్పుడు సమ్మరీ కాకుండా డీటెయిల్డ్, అదీ మొదటి కొనుగోలు నుంచి వచ్చేలా పెట్టండి. ఒకే ఫండ్ రెండు ఫోలియోల్లో (ఖాతా నంబర్లలో) ఉంటే రెండూ కలపాలి.

తేడా సరిగ్గా ఒక వాయిదా అంత ఉంటే

బ్యాంకులో డబ్బు లేక సిప్ బౌన్స్ అయింది, మీ ఆటోమేటిక్ ఎంట్రీ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఆ ఎంట్రీ తీసేయండి.

షేర్లు సరిగ్గా సగమో రెట్టింపో చూపిస్తే

ఇది ఫండ్లతో పాటు షేర్లు కూడా రాసుకునేవాళ్ళకి. కారణం బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) లేదా స్ప్లిట్ (ఒక షేరును ముక్కలు చేయడం). హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 1:1 బోనస్ 2025 ఆగస్టులో వచ్చింది, దాన్ని రాయనివాళ్ళకి ఇప్పటికీ సగమే కనిపిస్తుంది. బోనస్‌కి ఐసిన్ (షేరు గుర్తింపు కోడ్) మారదు, ముఖవిలువ స్ప్లిట్‌కి మారుతుంది. ఇంపోర్ట్ చేసేవాళ్ళకి స్ప్లిట్ తర్వాత ఒకే కంపెనీ రెండు పేర్లతో కనిపించేది అందుకే.

తేడా ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వస్తుంటే

మీరు వేసింది బ్యాంకులో డబ్బు కట్ అయిన తేదీ. 2021 ఫిబ్రవరి 1 నుంచి డబ్బు ఫండ్‌కి చేరిన రోజు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది. శుక్రవారం కట్ అయిన డబ్బుకి సోమవారం ఎన్‌ఏవీ పడొచ్చు. స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీ వేయండి.

తేడా చిల్లరే, కానీ నెలనెలా పెరుగుతుంటే

నన్ను ఏడిపించింది ఇదే. మూడో దశాంశంలో ఎక్కడో తేడా. రౌండింగ్ అనుకుని వదిలేశాను. ఏడాదికోసారి మార్చిలో ఒక సర్దుబాటు ఎంట్రీ వేసి లెక్క కలిపేసేవాణ్ణి. ఏప్రిల్‌లో మళ్ళీ తేడా. రౌండింగ్ అయితే ఓసారి అటు, ఓసారి ఇటు పోవాలి కదా! నాకు ఎప్పుడూ సిస్టమ్‌లోనే ఎక్కువ. ఆ సంగతి గమనించడానికి మూడేళ్ళు పట్టింది.

కారణం స్టాంప్ డ్యూటీ. 2020 జులై 1 నుంచి ఫండ్ కొనుగోళ్ళ మీద 0.005 శాతం పడుతోంది. పదివేల సిప్‌కి అర్ధరూపాయి. ఆ రోజు ఎన్‌ఏవీ 52.3471 అనుకోండి. సిస్టమ్ 10,000ని దాంతో భాగించి 191.033 యూనిట్లు రాసుకుంటుంది. ఫండ్ మాత్రం 9,999.50కే లెక్కగట్టి 191.023 ఇస్తుంది. డీటెయిల్డ్ సీఏఎస్‌లో ప్రతి కొనుగోలు కిందా స్టాంప్ డ్యూటీ అని వేరే వరుస కనిపిస్తూనే ఉంటుంది. కళ్ళ ముందే ఉన్నా చదవం.

మీదీ అదేనా అని తేల్చుకోవడం తేలిక. 2020 జులై తర్వాత కొన్న యూనిట్లను 20,000తో భాగించండి. 8,000 యూనిట్లుంటే 0.4 వస్తుంది. మీ తేడా దాని దగ్గర్లో ఉంటే దొంగ దొరికినట్టే. వేరే స్కీము నుంచి స్విచ్ చేసి లోపలికి వచ్చిన యూనిట్లకీ, ఐడీసీడబ్ల్యూ రీఇన్వెస్ట్‌మెంట్‌కీ (డివిడెండ్‌తో మళ్ళీ యూనిట్లు కొనడం) కూడా ఈ డ్యూటీ ఉంది, లెక్కలో వాటినీ కలపండి.

సరిచేయడానికి సర్దుబాటు ఎంట్రీ వేయొద్దు. నేను వేసినవన్నీ అమ్మకాలుగా పడి, ముందు కొన్నవి ముందు అమ్మే పద్ధతిలో పాత యూనిట్లను కొరికేశాయి. తర్వాత నిజంగా అమ్మిన ఏడాది క్యాపిటల్ గెయిన్స్ లెక్క ఒక పట్టాన తెమల్లేదు. కాబట్టి ముందు పాత సర్దుబాట్లన్నీ డిలీట్ చేయండి. ఆ తర్వాత ఒక్కో కొనుగోలు తెరిచి, యూనిట్లు సీఏఎస్‌లో ఉన్నవే టైప్ చేయండి. పదివేలలో 9,999.50 ఫండ్‌కి, 0.50 స్టాంప్ డ్యూటీ అనే ఖర్చు ఖాతాకి. గ్నూక్యాష్‌లో యూనిట్లు మార్చగానే దేన్ని తిరిగి లెక్కించాలని అడుగుతుంది. ధర అని చెప్పండి. యూనిట్లు అన్నారంటే మళ్ళీ మొదటికే. అలా లెక్కించిన ధర ఎన్‌ఏవీతో కలిస్తే ఆ ఎంట్రీ సరిగ్గా పడినట్టు.

ఐదేళ్ళ ఎంట్రీలంటే విసుగే, ఒక ఆదివారం పోతుంది. ఇకముందు ఆటోమేటిక్ ఎంట్రీని గుర్తు చేయడానికి మాత్రమే ఉంచుకుని, స్టేట్‌మెంట్ వచ్చాకే యూనిట్లు నింపండి.

స్కీముల విలీనం, సైడ్ పాకెట్ (చెడిపోయిన బాండ్లను విడిగా పెట్టడం) లాంటివి కూడా ఉన్నాయిగానీ అరుదు. అలాంటిది జరిగితే ఫండ్ నుంచి మెయిల్ వస్తుంది, దాన్నిబట్టి రాసుకోండి.

ఇదంతా చేశాక కూడా 0.001, 0.002 మిగిలితే ఆ ఫండ్ సెట్టింగ్‌లో దశాంశాలు చూడండి. కనీసం 1/1000, అంటే మూడు దశాంశాలు, ఉండాలి. రెండు దశాంశాలకే పెట్టి ఉంటే మీరెంత సరిగ్గా టైప్ చేసినా మూడో అంకెను అది మింగేస్తుంది.