ఇంట్లో పాత పనిముట్ల మరమ్మతు – 4వ పాఠం: తుప్పు పట్టిన ఇనుప చిత్రిక

గత మూడు పాఠాల్లో సుత్తి, పట్టకారు, ఉలి వంటి ఒకటి రెండు ముక్కల పనిముట్లను బాగుచేసుకున్నాం. ఈ పాఠానికి ఎంచుకున్న, చెక్కను పొరలుగా తీసి నునుపు చేసే ఇనుప చిత్రిక అంత తేలికైనది కాదు. దానిలో చాలా భాగాలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి సరిగా కూర్చోకపోయినా మిగిలినవన్నీ ఎంత మెరిసినా పని జరగదు. తెలంగాణలో చాలామంది రంద అని పిలిచే ఈ పనిముట్టుకు నేటి రూపం అమెరికాలో వచ్చింది. లియొనార్డ్ బెయిలీ అనే పనిముట్ల తయారీదారు 1867లో దీని సర్దుబాటు విధానానికి పేటెంట్లు పొందాడు; 1869లో ఆ హక్కులను స్టాన్లీ సంస్థ కొనుక్కుంది. ఆ తర్వాత ఇంగ్లండులోనూ మన దేశంలోనూ తయారైన ఇనుప చిత్రికలు ఎక్కువగా ఆ నమూనాకు నకళ్లే కనుక, మీ చేతిలో ఉన్నదాని మీద ఏ పేరు పోతపోసి ఉన్నా ఈ పాఠం దాదాపుగా వర్తిస్తుంది.

కరెంటు రందలు వచ్చాక ఇవి అటకెక్కాయి. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారులోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత ఇనుప సామాను మధ్య వెదికితే ఒకటి దొరకవచ్చు. మొదటిసారి బాగుచేసేవారు 4వ నంబరు చిత్రికను ఎంచుకోవడం మంచిది. దాని పొడవు సుమారు 9 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు. 14 అంగుళాల 5వ నంబరు కూడా అదే వెడల్పు బ్లేడును వాడుతుంది కానీ, అడుగు పొడవు పెరిగినకొద్దీ దానిని చదును చేసే శ్రమ కూడా పెరుగుతుంది.

కొనేముందు చూడవలసింది తుప్పు కాదు, పగులు. పైపై తుప్పు ఒక్క రాత్రిలో పోతుంది. పగులు మాత్రం ఎప్పటికీ పోదు. చిత్రిక శరీరం పోత ఇనుముతో చేసినది. అందులో కర్బనం సుమారు 3 శాతం ఉంటుంది కాబట్టి అది గట్టిగా ఉంటుంది గానీ వంగదు. సిమెంటు నేల మీద పడితే విరుగుతుంది. దానిని వెల్డింగు చేయడం వీధి చివరి వెల్డింగు షాపులో అయ్యే పని కాదు. బ్లేడు బయటికి వచ్చే సందును చిత్రిక నోరు అంటారు. పగులు సాధారణంగా ఆ నోటి మూలల నుంచి మొదలై పక్కగోడల వైపు పాకుతుంది. కంటికి ఆనని పగుళ్లను పట్టడానికి పాత మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. అనుమానమున్న చోట కిరసనాయిలు రాసి, పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి, తడి గీతగా కనిపిస్తుంది. అటువంటి గీత నోటి దగ్గర కనిపిస్తే, ఎంత చవకగా ఇస్తానన్నా ఆ చిత్రికను అక్కడే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక విప్పడానికి తొందరపడకూడదు. ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోవాలి, ఎందుకంటే బ్లేడు ఏ వైపు తిరిగి ఉండాలన్న సంగతి వారం తర్వాత గుర్తుండదు. పైనున్న లీవరు ఎత్తగానే లీవర్ క్యాప్ ఊడి వస్తుంది; దాని కింద బ్లేడు, దాన్ని అంటిపెట్టుకున్న క్యాప్ ఐరన్ అనే మరో రేకు ఉంటాయి. వాటి కింద, 45 డిగ్రీల వాలుతో శరీరానికి రెండు స్క్రూలతో బిగించి ఉండే పీఠాన్ని ఫ్రాగ్ అంటారు. దానికి కప్ప పేరు ఎందుకు పెట్టారోగానీ మన వడ్రంగులు కూడా ఆ మాటనే వాడుతున్నారు. లోతు సర్దే ఇత్తడి చక్రం దగ్గర ఒక్క జాగ్రత్త అవసరం. ఈ నమూనాలో చాలావాటికి ఆ చక్రం మర ఎడమ మర, అంటే మామూలు స్క్రూకు ఎదురుగా తిరుగుతుంది. ఆ సంగతి తెలియక ఊడదీస్తున్నామనుకుంటూ మరింత బిగించి, చివరికి మరకాడనే విరగ్గొట్టినవారు ఉన్నారు.

స్క్రూలు కదలకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. తుప్పు అది తినేసిన ఇనుముకంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది కాబట్టి, మరల సందుల్లో ఉబ్బి వాటిని లోపలి నుంచే బిగించివేస్తుంది. స్క్రూ తల చుట్టూ డీజిలో డబ్ల్యూడీ-40 వంటి నూనెనో వేసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవరుతో ముందు కొంచెం బిగించే వైపుకు, తర్వాత విప్పే వైపుకు, మళ్లీ మళ్లీ అలా కదిలించాలి. గాడికంటే సన్నని స్క్రూడ్రైవరుతో బలం ప్రయోగిస్తే గాడి అంచులు చెడిపోతాయి. అవసరమైతే ఒక పాత స్క్రూడ్రైవరు మొనను ఆకురాయితో అరగదీసి గాడికి సరిపోయేలా చేసుకోవడమే మేలు. పోత ఇనుమును మంటతో ఒకేచోట వేడిచేయడం, సుత్తితో మోదడం రెండూ పనికిరావు. విప్పిన స్క్రూలన్నిటినీ మూతగల డబ్బాలో భద్రపరచాలి, ఎందుకంటే వీటి మరలు ఇప్పుడు హార్డువేరు షాపులో దొరికే మెట్రిక్ మరలతో కలవవు.

తుప్పు వదిలించడానికి నేను వాడేది కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, ముందుగా సబ్బునీటితో జిడ్డు పోయేలా కడిగిన ఇనుప భాగాలను పూర్తిగా మునిగేలా వేయాలి. రెండు గంటలకొకసారి తీసి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది చూడాలి. తుప్పు నల్లని బురదలా ఊడిపోతే చాలు, ఇక తీసేయవచ్చు. పొద్దుపోయి మరిచిపోయి రెండు రోజులు వదిలేస్తే ఆమ్లం తుప్పుతో ఆగక ఇనుమును కూడా తిని, పైభాగాన్ని బూడిదరంగు గరుకుగా మారుస్తుంది. రెండో పాఠంలో చెప్పిన, నీటిలో కరెంటు పంపి తుప్పు వదిలించే బ్యాటరీ చార్జరు పద్ధతిని సుత్తికీ పట్టకారుకీ వాడినట్లు చిత్రిక శరీరానికి వాడవద్దు. అది శరీరం లోపలి నల్లని పాత పూతను కూడా పెచ్చులుగా లేపేస్తుంది. ఆ పూత శరీరాన్ని తుప్పు నుంచి కాపాడుతున్నంత కాలం దానిని కదిలించకపోవడమే మంచిది. ఎవరైనా తర్వాత వేసిన రంగు అయితే, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దానిని పొడిగా గీకి ధూళి లేపకూడదు.

ఇత్తడి చక్రాన్నీ ఇత్తడి నట్లనూ ఆ తొట్టిలో వేయకండి. ఆమ్లంలో ఎక్కువసేపు నానితే ఇత్తడిలోని జింకు కరిగి, పైన గులాబీరంగు రాగి బయటపడుతుంది. వాటికి ఇంట్లో బిందెలు తోమే చింతపండు గుజ్జు, రెండు నిమిషాల రుద్దుడు, వెంటనే నీళ్లు సరిపోతాయి. తొట్టి నుంచి తీసిన ఇనుప భాగాలను వంటసోడా కలిపిన నీటిలో ముంచి, మంచినీటితో కడిగి, ఆలస్యం చేయకుండా ఎండలోనో వేడిగాలి కిందనో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలుచగా రాయాలి. ఈ మెట్టును దాటవేస్తే అరగంటలో పసుపుపచ్చని కొత్త తుప్పు వస్తుంది, విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అంతకంటే ముందే. వేరుశనగ నూనె, నువ్వుల నూనె కొన్నాళ్లకు జిగురుగా మారతాయి కాబట్టి పనిముట్లకు వద్దు.

ఈ సందర్భంలో నా పొరపాటు ఒకటి చెప్పాలి. తొలిరోజుల్లో తొందర కోసం మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను వాడాను. తుప్పు నిజంగానే నిమిషాల్లో పోయింది. అయితే తలుపులు మూసిన ఆ చిన్న గదిలో యాసిడ్ ఆవిరి రాత్రంతా తిరిగి, తెల్లారేసరికి గోడకు వేలాడుతున్న ఆకురాళ్లు, రంపాలు అన్నిటి మీదా గోధుమరంగు పొర కమ్మింది. ఒక్క చిత్రికను బాగుచేయబోయి పద్నాలుగు పనిముట్లను పాడుచేసుకున్నాను.

ఇక అసలు పని. చిత్రిక అడుగు చదునుగా ఉండాలని అందరూ అంటారు గానీ, ఎక్కడ చదునుగా ఉండాలో చెప్పేవారు తక్కువ. ముందు అంచు, నోటికి సరిగ్గా ముందున్న పట్టీ, వెనక అంచు, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో ఎక్కడైనా చిన్న పల్లం మిగిలినా పనికి అడ్డురాదు. నోటి ముందు పట్టీ మాత్రం పల్లంగా ఉండకూడదు, ఎందుకంటే బ్లేడు చెక్కలో దిగే క్షణాన నారను నొక్కి పట్టి, పెచ్చులు లేవకుండా ఆపేది అదే.

చదును చేయడానికి చదునైన ఆధారం కావాలి. వంటగది గట్టుకు వాడే పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క ఇందుకు బాగా సరిపోతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి మన ఊళ్లలో రాళ్ల దుకాణాల్లో తుక్కుముక్కలుగా దొరుకుతూనే ఉంటుంది. ఉక్కు స్కేలును నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి, కింది నుంచి వెలుగు రాని ముక్కను ఎంచుకోండి. దాని మీద 80 నంబరు ఎమరీ పేపరు అంటించి, చిత్రిక అడుగుకు అడ్డంగా మార్కరుతో పది గీతలు గీయాలి. ఇక్కడ మరవకూడని విషయం ఒకటుంది. బ్లేడు, ఫ్రాగ్, లీవర్ క్యాప్ అన్నీ పనిలో ఉన్నంత బిగువుతోనే బిగించి, బ్లేడు అంచును మాత్రం లోపలికి వెనక్కి లాగి ఉంచాలి. లీవర్ క్యాప్ బిగింపుకు పోత ఇనుము కూడా వెంట్రుకవాసి వంగుతుంది కాబట్టి, విప్పిన శరీరాన్ని చదును చేస్తే బిగించాక అది మళ్లీ చదును తప్పుతుంది.

రెండు చేతుల బరువు మధ్యలో పడేలా ఇరవైసార్లు ముందుకూ వెనక్కూ తోసి, తిప్పి చూడండి. గీతలు చెరిగిన చోట మిట్ట, మిగిలిన చోట పల్లం. పైన చెప్పిన మూడు చోట్లా గీతలు చెరిగేవరకు ఇదే సాగించి, తర్వాత 120, 220 నంబర్ల పేపరుతో ముగించాలి. అద్దంలా మెరిసేదాకా 2000 నంబరు వరకు వెళ్లేవారున్నారు. అది చూడటానికి బాగుంటుంది, చెక్కకు తెలియదు. గంటసేపు తోసినా నోటి ముందు గీతలు చెరగకపోతే అడుగు బాగా వంకరపోయిందని అర్థం. దానిని గ్రైండింగు మిషను ఉన్న లేతు షాపుకు ఇవ్వడమే తెలివి.

ఫ్రాగ్ కూర్చునే చోట, బ్లేడు దాని మీద ఆనే చోట మిగిలిపోయిన తుప్పు గడ్డలను సన్నని ఆకురాయితో తీసేస్తే సరిపోతుంది. బ్లేడు ఊగకుండా పూర్తిగా ఆనుతోందా అన్నదే పరీక్ష.

బ్లేడు పదును ఉలి పాఠంలో చెప్పిన పద్ధతిలోనే సాగుతుంది, కానీ రెండు తేడాలున్నాయి. మొదటిది వీపు. ఉలి వీపు అంతా చదునుగా ఉండాలి. చిత్రిక బ్లేడుకు అంచును ఆనుకుని ఉన్న కొద్దిపాటి పట్టీ నునుపుగా ఉంటే చాలు. అర మిల్లీమీటరు మందం గల సన్నని ఉక్కు స్కేలును సానరాయి మీద ఒక పక్కన పెట్టి, బ్లేడు వీపును దాని మీద ఆనించి, అంచు మాత్రం రాయిని తాకేలా రుద్దితే, ఒక డిగ్రీ కూడా లేని వాలుతో ఆ పట్టీ కొద్ది నిమిషాల్లో మెరుస్తుంది. ఈ కిటుకును ఉలికి వాడవద్దు. అంచు దగ్గర తుప్పు గుంటలు ఉంటే అవి దాటేవరకు బ్లేడును అరగదీయాలి. గుంటలు చాలా లోపలిదాకా ఉంటే కొత్త బ్లేడు కొనుక్కోవాలి. గుంట ఉన్న చోట అంచు రంపపు పన్నులా ఉండి, చెక్క మీద గీతలు పెడుతుంది.

రెండోది కోణం. వాలును 25 డిగ్రీలకు అరగదీసి, చివరి అంచును 30 డిగ్రీలకు నూరాలి. కోణమానిని లేకపోయినా లెక్క సులభమే. వాలు పొడవు బ్లేడు మందానికి సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలు. రెండుంపావు రెట్లు దాటితే 25కు దగ్గరపడినట్లు. పాత బ్లేడ్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు కాబట్టి 4 నుంచి 5 మిల్లీమీటర్ల వాలును స్కేలుతోనే కొలవవచ్చు. కరెంటు గ్రైండరు వాడితే రెండు మూడు సెకన్లకొకసారి నీటిలో ముంచాలి. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్లే. ఆ నీలం పోయేవరకు మళ్లీ అరగదీయక తప్పదు. చివరగా 1000 నంబరు వాటర్ పేపరు మీద నూరుతుండగా వీపు వైపు వేలికి తగిలే సన్నని గరుకు అంచు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రావాలి. దానిని వీపు వైపు ఒకటి రెండు రుద్దులతో తీసేయాలి.

క్యాప్ ఐరన్‌ను చాలామంది పట్టించుకోరు. దాని కొస బ్లేడు వీపును ఎక్కడా సందు లేకుండా తాకాలి; వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు సందు కనిపిస్తే, చెక్క పొరలు అందులో ఇరుక్కుని నోరు మూసుకుపోతుంది. కొస అడుగుభాగాన్ని సానరాయి మీద, వెనక భాగం కొంచెం కిందికి వాలేలా పట్టుకుని రుద్దితే ఆ సందు పోతుంది. నునుపు పనికి దాని కొసను బ్లేడు అంచు నుంచి అర మిల్లీమీటరు లోపు, ముతక పనికి ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో బిగించాలి.

చెక్క పిడి ఊగుతుంటే ముందు దానిని నిందించకండి. మన వేసవి ఎండలకు చెక్క కుంచించుకుపోయి, నట్టు మర చివరికి చేరి ఆగిపోతుంది. నట్టు కింద ఒక వాషరు వేస్తే పిడి బిగుస్తుంది. విరిగిన పిడిని అరాల్డైట్‌తో అతికించవచ్చు, లేదా టేకు, తుమ్మ చెక్కలతో కొత్తది చెక్కుకోవచ్చు. పైన అవిసె నూనె పూస్తే, ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయకూడదు. అది దానంతటదే వేడెక్కి అంటుకోగలదు కాబట్టి, పరిచి ఆరబెట్టిన తర్వాతే పారేయాలి.

అన్నీ బిగించాక బ్లేడు వాలు కిందికి, వీపు పైకి ఉన్నాయో లేదో ఫోటోతో సరిచూసుకోండి. బ్లేడును పూర్తిగా లోపలికి లాగి, ముడులు లేని టేకు ముక్క మీద నార వెంట తోస్తూ ఇత్తడి చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పాలి. బ్లేడు ఎక్కువ దిగితే, చక్రాన్ని అవసరానికి మించి వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి ఆపాలి. వెనక్కి తిప్పే దశలోనే ఆపితే మరల మధ్య వదులుంటుంది కనుక నాలుగు తోపుల్లోనే బ్లేడు లోపలికి జారుతుంది. పొర ఒక పక్కన మందంగా, మరో పక్కన పలుచగా వస్తే వెనకనున్న అడ్డ మీటను కొంచెం కదపాలి. కాగితం కంటే పలుచని పొర బ్లేడు వెడల్పంతా తెగకుండా చుట్టచుట్టుకుని నోట్లోంచి పైకి వచ్చే వరకు ఈ సర్దుబాటు సాగించండి.

వచ్చే పాఠంలో చేతిరంపం పళ్లను ఆకురాయితో పదును పెట్టి, వాటిని ఇరుపక్కలకూ వంచడం నేర్చుకుంటాం. దానికోసం ఒక పాత రంపం, మూడు పలకల సన్నని ఆకురాయి, రంపం బ్లేడును మధ్యలో బిగించడానికి రెండు అడుగుల చెక్కపట్టీలు రెండు సిద్ధం చేసుకోండి. ఆ పట్టీల అంచులను ఈ చిత్రికతోనే చదును చేయండి.