ట్రాన్సాక్షన్ లోపల ఇంకో ట్రాన్సాక్షన్ వస్తే ఏం చేయాలి

ట్రాన్సాక్షన్ అంటే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనుకునే డేటాబేస్ పనుల గుంపు; బిగిన్‌తో మొదలవుతుంది, కమిట్‌తో ఖాయమవుతుంది, రోల్‌బ్యాక్‌తో రద్దవుతుంది. ఆర్డర్ సేవ్ చేసే ఫంక్షన్ బిగిన్‌తో మొదలై మధ్యలో స్టాక్ తగ్గించే ఫంక్షన్‌ని పిలుస్తుంది, దాన్ని రాసినవాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని అందులోనూ బిగిన్, కమిట్ పెట్టారు అనుకోండి. విడివిడిగా టెస్ట్ చేస్తే రెండూ బానే ఉంటాయి, కలిపితేనే గొడవ.

ఎందుకంటే లోపలి బిగిన్‌ని ఒక్కో డేటాబేస్ ఒక్కోలా చూస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో రెండో స్టార్ట్ ట్రాన్సాక్షన్ రాగానే అప్పటిదాకా చేసిందంతా చెప్పాపెట్టకుండా కమిట్ అయిపోతుంది, తర్వాత రోల్‌బ్యాక్ కొట్టినా ఆర్డర్ రో అలాగే ఉండిపోతుంది. పోస్ట్‌గ్రెస్ రెండో బిగిన్‌కి వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది గానీ లోపలి కమిట్ బయటి ట్రాన్సాక్షన్‌నే ముగించేస్తుంది. ఎస్‌క్యూలైట్ మాత్రం నేరుగా ఎర్రర్ ఇస్తుంది, నాకైతే అదే నచ్చుతుంది, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అందుకే లోపలి లెవెల్‌కి సేవ్‌పాయింట్ వాడాలి, అంటే ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టే గుర్తు, మొత్తం రద్దు చేయకుండా అక్కడిదాకా మాత్రమే వెనక్కి వెళ్ళొచ్చు. బిగిన్, కమిట్‌లను నేరుగా పిలవకుండా వాటి చుట్టూ ఒక చిన్న రాపర్ ఫంక్షన్ రాసి, ఎన్నో లెవెల్ లోపల ఉన్నామో లెక్కపెట్టే డెప్త్ కౌంటర్ అందులో పెట్టండి, అది కనెక్షన్‌తో పాటే ఉండాలి, గ్లోబల్‌గా పెడితే వేరే రిక్వెస్ట్‌ల లెక్కతో కలిసిపోతుంది. డెప్త్ 0 అయితే బిగిన్, లేదంటే ఎస్‌పీ1, ఎస్‌పీ2 అని సేవ్‌పాయింట్. పని అయితే ఆ సేవ్‌పాయింట్‌ని రిలీజ్ చేయాలి (గుర్తు తీసేయడం), ఫెయిలైతే ఆ లెవెల్ సేవ్‌పాయింట్‌కే రోల్‌బ్యాక్, ఉదాహరణకి రోల్‌బ్యాక్ టు ఎస్‌పీ1. అసలు కమిట్ బయటి లెవెల్‌లో ఒక్కచోటే. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో చూస్తే, జాంగోలో అటామిక్ బ్లాక్ ఈ పనే చేస్తుంది, రైల్స్‌లో అయితే లోపలి బ్లాక్‌కి రిక్వైర్స్ న్యూ ట్రూ అని మీరే ఇవ్వాలి.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. కూపన్ ఇన్సర్ట్‌లో డూప్లికేట్ కీ వచ్చింది, పర్లేదులే అని కోడ్‌లో ఎక్సెప్షన్ పట్టుకుని ముందుకెళ్తే తర్వాతి క్వెరీ 25పీ02 ఎర్రర్‌తో పడిపోతుంది, ఎందుకంటే డేటాబేస్ దృష్టిలో ఆ ట్రాన్సాక్షన్ అప్పటికే చెడిపోయింది. ఆ ఇన్సర్ట్‌కి ముందు సేవ్‌పాయింట్ పెట్టి ఉంటే అక్కడికి రోల్‌బ్యాక్ చేసి మిగతా ఆర్డర్‌ని హాయిగా పూర్తి చేయొచ్చు.

మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్‌లు ఒకదాని లాక్ కోసం ఇంకోటి ఆగిపోవడం) ఎర్రర్ 1213 వస్తే సేవ్‌పాయింట్ ఏమీ కాపాడదు, మొత్తం ట్రాన్సాక్షన్ పోతుంది, కాబట్టి రీట్రై లోపల పెట్టకండి, బయటి బిగిన్ నుంచి మళ్ళీ మొదలెట్టాలి.

ఇంకోటి, రిలీజ్ అయిందంటే సేవ్ అయిపోయినట్టు కాదు, బయటిది రోల్‌బ్యాక్ అయితే అదీ పోతుంది. కస్టమర్‌కి మెయిల్ పంపడం లాంటివి చివరి కమిట్ తర్వాతే చేయండి, జాంగోలో దీనికి ఆన్ కమిట్ ఉంది. ఏది ఫెయిలైనా ఆడిట్ లాగ్ మాత్రం మిగలాలంటే దాన్ని వేరే కనెక్షన్ నుంచి రాయాలి, కానీ ఆ కనెక్షన్ బయటి ట్రాన్సాక్షన్ లాక్ చేసిన రోనే అప్‌డేట్ చేయబోతే లాక్ కోసం ఆ కనెక్షన్, ఆ కనెక్షన్ పని ముగిస్తుందని మీ కోడ్ ఎదురుచూస్తూ ఇరుక్కుపోతాయి, కోడ్ వైపు వెయిటింగ్ డేటాబేస్‌కి కనపడదు కాబట్టి డెడ్‌లాక్ అని కూడా పట్టుకోలేదు, అందుకే లాగ్ టేబుల్‌లో ఇన్సర్ట్ తప్ప ఆ కనెక్షన్‌తో ఇంకేమీ చేయకండి.