నడుం పట్టేసినప్పుడు కైరోప్రాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు

గోపాల్‌పూర్ తీరంలో వల లాగే వడబలిజలకైనా, రాయగడ బజారులో బస్తాలు మోసే కళాసీలకైనా, బరంపురంలో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులకైనా నడుం పట్టేయడం కొత్త సంగతి కాదు. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు నొప్పి వచ్చినప్పుడు నూనె రాసి తోమించుకోవడం, నాటువైద్యుడి చేత కట్టు కట్టించుకోవడం, ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుం మీద తన్నించుకోవడం, క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం ఎప్పటినుంచో చేస్తున్నారు. ఇప్పుడు ఫోనులో వచ్చే వీడియోల వల్ల, వెన్నునూ కీళ్లనూ చేత్తో నెట్టి చికిత్స చేసే కైరోప్రాక్టర్ పేరు కూడా వాటి పక్కన చేరింది. టక్కుమన్న శబ్దం వినిపించగానే రోగి నవ్వుతూ లేచి నిలబడటం చూసినవారికి, విశాఖపట్నానికో భువనేశ్వర్‌కో వెంటనే బయలుదేరాలనిపించడం సహజం. అయితే బయలుదేరే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ నొప్పి చేతితో సరిచేయదగిన కీళ్ల నొప్పి, కండరాల నొప్పి మాత్రమేనా, లేక లోపల మరొక జబ్బు దాగి ఉందా? దీనికి జవాబు తెలియకుండా వెన్ను మీద ఎవరినీ చెయ్యి వేయనీయకూడదని నా గట్టి అభిప్రాయం.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టిన చికిత్స. కీలును అది కదలగల హద్దు వరకు తీసుకువెళ్లి, అక్కడ చేత్తో చురుకుగా ఒక చిన్న నెట్టు నెట్టడం ఇందులో ముఖ్యమైన పని. అప్పుడు వినిపించేది ఎముక తన చోటికి తిరిగి వచ్చిన శబ్దం కాదు. కీలులోని జిగురు ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వచ్చే శబ్దం. అందువల్ల శబ్దం గట్టిగా వస్తే చికిత్స బాగా జరిగిందనీ, రాకపోతే డబ్బు వృథా అయిందనీ అనుకోనక్కరలేదు. వెన్నుపూసలు పక్కకు జరగడమే సకల రోగాలకు మూలమని పామర్ నమ్మాడు గాని, ఆ నమ్మకానికి శాస్త్రంలో ఆధారం దొరకలేదు. వెన్ను సరిచేసి మధుమేహం, ఉబ్బసం, సంతానలేమి పోగొడతామని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నడుం నొప్పి విషయంలో మాత్రం ఈ చికిత్సకు కొంత ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందులకంటే ముందు వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్, చేత్తో వెన్నును కదిలించే చికిత్స వంటివి ప్రయత్నించమన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి సూచించిన పద్ధతులలోనూ ఇది ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో దీన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే వాడవచ్చని చెప్పింది. ప్రయోజనం ఉన్నా అది ఓ మోస్తరుదేనని, వ్యాయామం చేయకుండా దీనినే నమ్ముకోకూడదని వీటినిబట్టి గ్రహించాలి.

పైగా, బరువెత్తినప్పుడో వంగి లేచినప్పుడో పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. రోజుల తరబడి మంచం మీద పడుకోమని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు గాని, అది మేలు చేయదు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు నడుస్తూ, వేడి నీళ్ల కాపడం పెట్టుకుంటూ, బరువులు తగ్గించి మామూలు పనులు చేసుకోవడమే మంచిది. రెండు మూడు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, వైద్యుడి పరీక్షలో మరే జబ్బూ లేదని తేలిన తరువాత కైరోప్రాక్టర్ గురించి ఆలోచించవచ్చు.

ముందు ఆసుపత్రికే వెళ్లవలసిన నొప్పులు

నడుం నొప్పితో పాటు మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే మూత్రం, మలం జారిపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం వంటివి కనిపిస్తే అది గంటల్లో ఆపరేషను అవసరం కావచ్చునన్న సూచన. వెన్ను అడుగు భాగంలోని నరాల గుత్తి నొక్కుకుపోయినప్పుడు ఈ లక్షణాలు వస్తాయి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు. అటువంటప్పుడు ఏ చేతి వైద్యమూ వద్దు, 108కి ఫోను చేయాలి. మన ఇళ్లలోని పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ సంగతి పరాయివారి ముందు చెప్పడానికి సిగ్గుపడతారు. ఒడియాలో చెప్పవలసి వస్తే మరీ కుదించి, నడుం నొప్పి అని మాత్రమే అని ఊరుకుంటారు. వెంట వెళ్లే కొడుకో కోడలో ఇంటి దగ్గరే నెమ్మదిగా అడిగి తెలుసుకుని, డాక్టరుకు తామే స్పష్టంగా చెప్పాలి.

నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి, పిక్క దాకా దిగుతుంటే నరం నొక్కుకుంటున్నదేమో చూడాలి. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిచి చూడండి. ఒక పాదం ఎత్తలేకపోయినా, కాలి చెప్పు తెలియకుండా జారిపోతున్నా ఆ వారంలోనే ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించాలి.

సాయంత్రాలు వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించి బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి కలిసి ఉంటే వెన్నుపూస క్షయను అనుమానించాలి. ఊపిరితిత్తులకే కాదు, వెన్నుకూ క్షయ వస్తుంది. క్రిమి తినేసిన వెన్నుపూస మీద ఒక్క నెట్టు పడితే అది కూలి వెన్నుపామును నొక్కవచ్చు. ఇదివరకు క్యాన్సరు వచ్చినవారికి కొత్తగా వెన్ను నొప్పి మొదలైతే అది ఎముకలోకి పాకలేదని తేలేవరకు ఎవరూ నొక్కకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసినది సికిల్ సెల్ వ్యాధి. కొరాపుట్, రాయగడ వంటి దక్షిణ ఒడిశా జిల్లాల్లోనూ, పశ్చిమ ఒడిశాలోనూ, అటు మహారాష్ట్ర సరిహద్దులోని గడ్చిరోలిలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొడవలి ఆకారానికి వంగిన ఎర్ర కణాలు సన్నని రక్తనాళాలలో అడ్డుపడటం వల్ల నడుములో, ఛాతీలో, కాళ్లలో భరించలేని ఎముక నొప్పులు వస్తాయి. తొడ ఎముక పైభాగానికి రక్తం అందక ఆ ఎముకే చచ్చుబడి, పాతికేళ్ల కుర్రవాడు కుంటుతూ నడిచే స్థితి రావచ్చు. ఇటువంటి నొప్పిని బెణుకనుకుని తోమించినా, కీలు విరిపించినా మేలు జరగదు. అసలు చికిత్స ఆలస్యమవుతుంది. చిన్న వయసులో తుంటి నొప్పి, పదేపదే ఎముక నొప్పులు, పాలిపోయిన ముఖం, పచ్చబడే కళ్లు ఉన్నవారికి ముందు రక్త పరీక్ష చేయించండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఒడిశాలోనూ నడుస్తున్నది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు.

దెబ్బ తగిలి వచ్చిన నొప్పికి నియమం సులభం. కొబ్బరిచెట్టు మీదినుంచి పడినా, మోటారు సైకిలు మీద నుంచి జారిపడినా, పడవ నెట్టేటప్పుడు అల విసిరేసినా, విరగలేదని ఎక్స్‌రేలో తేలేవరకు కైరోప్రాక్టర్ దగ్గరికి గాని, కట్టు కట్టేవారి దగ్గరికి గాని వెళ్లకూడదు. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు చిన్నపాటి జారుడుకే వెన్నుపూస నలిగిపోతుంది. మోకాళ్ల నొప్పులకని పేరులేని బిళ్లలు, పొడులు ఏళ్ల తరబడి వాడినవారి ఎముకలు కూడా ఇలాగే ఉండవచ్చు, ఎందుకంటే వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండే అవకాశం ఉంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, కీళ్లవాతంతో మెడ దెబ్బతిన్నవారు, గర్భిణులు తమ డాక్టరు అనుమతి లేకుండా ఈ చికిత్సకు పోకూడదు. చిన్నపిల్లల వెన్ను విరిపించడం అసలే వద్దు.

మెడ సంగతి వేరు

మెడలోని వెన్నుపూసల గుండా మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులు పైకి పోతాయి. మెడను ఒక్కసారిగా మెలితిప్పినప్పుడు అరుదుగా వాటి లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి, పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఇంకొక చిక్కు ఏమిటంటే, ధమని చిరగడమే మెడ నొప్పిగా మొదలు కావచ్చు. అది తెలియక మెడ విరిపించుకుంటే ప్రమాదం పెరుగుతుంది. ఇంతకుముందెన్నడూ ఎరుగని తీవ్రమైన మెడ నొప్పి లేదా తలనొప్పి హఠాత్తుగా వచ్చి, దానితో పాటు తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, ముఖంలో ఒక వైపు మొద్దుబారడం, తూలడం ఉంటే నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. మామూలు మెడ నొప్పికి కూడా మెలితిప్పే చికిత్సకు బదులు నెమ్మదిగా కదిలించే పద్ధతి, వ్యాయామం చాలునన్నది నా సలహా. క్షవరం చివర ఉచితంగా మెడ విరిచే అలవాటును మాత్రం ఈ రోజే మానుకోమని ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను.

ఎవరి దగ్గరికి, ఎలా

మొదటి పరీక్షకు దూరం పోనక్కరలేదు. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, జిల్లా ఆసుపత్రి, లేదా బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల చాలు. పైన చెప్పిన ప్రమాద సూచనలు లేని కొత్త నొప్పికి వెంటనే స్కానింగు తీయించడం వల్ల లాభం ఉండదు; ఆరోగ్యవంతుల ఎమ్మారైలలో కూడా డిస్కు ఉబ్బినట్టు తరచూ కనిపిస్తుంది, ఆ ఒక్క మాట చూసి మనిషి అనవసరంగా బెంగపడతాడు.

మన దేశంలో డాక్టర్లకు ఉన్నట్టు కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన ప్రత్యేక మండలి లేదు. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ చదువుకున్నవారని అనుకోవడానికి వీలు లేదు కాబట్టి, ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని అడగడం తప్పు కాదు. ఈ చదువుకు నాలుగేళ్ల పూర్తికాల శిక్షణ, కనీసం 4200 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. కొద్దిరోజుల తరగతులకు వెళ్లి పత్రం తెచ్చుకున్నవారి చేతికి వెన్ను అప్పగించకండి. మీ పాత జబ్బులు, వాడే మందులు అడగకుండా, కాళ్ల బలం, స్పర్శ పరీక్షించకుండా బల్ల మీద పడుకోమంటే ఒప్పుకోకండి. మెడ ముట్టుకోవద్దని ముందే చెప్పే హక్కు మీకుంది. పదులకొద్దీ సిట్టింగులకు డబ్బు ముందే కట్టమంటే కట్టవద్దు. నాలుగైదు సార్లలో నడవడం, వంగడం, నిద్ర ఏమాత్రం మెరుగుపడకపోతే అక్కడితో ఆపేసి డాక్టరును మళ్లీ కలవాలి.

ఖర్చు, దూరం కూడా లెక్క వేసుకోండి. బరంపురం నుంచి విశాఖకు నాలుగైదు గంటల రైలు ప్రయాణం, పర్లాకిమిడి, గుణుపురం వారికి బస్సు కుదుపులు, మళ్లీ వారం తిరగకుండా అదే దారి, ఇదంతా పట్టేసిన నడుంకు మరొక భారం. ఫిజియోథెరపిస్టులు కూడా కీళ్లను చేత్తో కదిలించే పద్ధతులు నేర్చుకున్నవారే, పైగా ఇంటి దగ్గర చేసుకోవలసిన వ్యాయామం దగ్గరుండి నేర్పుతారు. అందువల్ల మన జిల్లాల్లో చాలామందికి ముందు దగ్గరలోని ఫిజియోథెరపిస్టే సరైన మనిషి. అక్కడ కొన్ని వారాలు శ్రద్ధగా చేసినా తగ్గని నడుం నొప్పికి మాత్రమే నగరంలోని కైరోప్రాక్టర్ కోసం ప్రయాణం కట్టండి.

చికిత్స తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పిగా, బిగుసుకున్నట్టుగా ఉండటం మామూలే. కాలు లేదా చెయ్యి కొత్తగా తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, తల తిరిగి మాట తడబడినా మరుసటి సిట్టింగు దాకా ఆగకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లి, వెన్నులో ఏ చోట, ఏ వైపుకు, ఎన్ని గంటలకు నెట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.